సంగమం ఒడ్డున మన తిండి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 ఎందుకు మన రోజు అయిందో మీలో చాలామందికి తెలుసు. 1982లో అదే తేదీన ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల మీద ఏర్పాటైన కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. ఆ గుర్తుగా 1994లో ఐక్యరాజ్యసమితి ఈ రోజును ప్రకటించింది. ఏటా ఈ వేదిక మీద మనం కొమ్ము ఆట గురించి, రేల పాట గురించి, పోరాట వీరుల గురించి చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ రోజుకు రెండు పూటలా మన చేతిలోకి వచ్చేది, మన అవ్వలు అన్నిటికంటే బాగా తెలిసినది ఒకటుంది. దాని గురించి ఏ వేదికా మాట్లాడదు. అదే తిండి. ఈసారి సంఘం మాకు ఆ విషయం ఇచ్చింది.

తిండి అంటే మొత్తం ఏజెన్సీ తిండి గురించి చెప్పడం మా వల్ల కాదు. ఒక చిన్న చోటు ఎంచుకున్నాం. కూనవరంలో నది ఒడ్డు పేట. అక్కడ శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. మా యువజన బృందం ఆ పేటలో, చుట్టుపక్కల గూడేల్లో వేసవిలో ఒకసారి, తొలకరిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి నోటుపుస్తకం పట్టుకుని తిరిగింది. అక్కడ ఏం అమ్ముతున్నారు, ఏం వండుతున్నారు, ఏం మానేశారు అని అడిగి రాసుకున్నాం. అందులోంచి మీకు పనికొచ్చేవి చెబుతాం.

పేటలో ఏం దొరుకుతుంది

ముందు ఆ చోటు సంగతి. శబరి ఒడిశా కొండల్లో కొలాబ్ పేరుతో పుడుతుంది. ఒడిశాకూ ఛత్తీస్‌గఢ్‌కూ నడుమ హద్దుగా పారి, సీలేరును కలుపుకుని, చింతూరు మీదుగా కూనవరం చేరుతుంది. అంటే ఈ ఒడ్డుకు నీళ్ళతో పాటు మూడు రాష్ట్రాల మనుషులు, మాటలు, రుచులు వస్తాయి. ఇక్కడ కోయలం ఉన్నాం. కొండల మీద నుంచి దిగివచ్చే కొండరెడ్లు ఉన్నారు. చేపల వేట మీద బతికే కుటుంబాలున్నాయి. బస్తర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయలున్నారు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులున్నారు. ఇంతమంది ఒక్క సంతలో కలుస్తారు.

పొద్దున పేటలో నడిస్తే మొదట కనబడేవి ఇడ్లీ, పూరీ, మైసూరు బజ్జీ బళ్ళు. సాయంత్రం నడిస్తే చికెన్ పకోడి, నూడుల్స్. కొట్ల ముందు దండల్లా వేలాడే చిప్స్ పొట్లాలు. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఒక్క గంట తిరిగి, 'ఇక్కడా రాజమండ్రిలో దొరికేవే దొరుకుతున్నాయి' అనుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పు లేదు. మన తిండి కొట్లో పెట్టి అమ్మేది కాదు గనక కొట్లో కనబడదు.

కాస్త ఆగి చూస్తే కనబడుతుంది. ఒడ్డున పడవ దగ్గర తట్ట చుట్టూ జనం మూగారంటే చేపలు దిగాయన్నమాట. బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల, కొరమీను, నది రొయ్య. పెద్ద చేపను తూకానికి అమ్ముతారు. చిన్న పరిగెల్ని వాటాలుగా పోసి అమ్ముతారు. హోటళ్ళకు పోయేది పెద్ద చేప. మన పొయ్యి మీదికి వచ్చేది పరిగె. చింతచిగురు వేసి వండిన పరిగెల పులుసు ముందు ఏ పెద్ద చేపా నిలవదని పేటలో అందరూ ఒప్పుకునే మాట. మిగిలిన పరిగెలు ఇసుక మీద, బండల మీద ఎండుతాయి. వానాకాలంలో నది ఉరకలేస్తుంటే వల వేయలేం. ఆ రోజులకు ఈ ఎండు చేపలే కూర.

ఇక్కడ ఒక మాట. టీవీల్లో గోదావరి చేప అనగానే పులస అంటారు. పులస సముద్రం నుంచి నదికి ఎదురీదే చేప. 19వ శతాబ్దంలో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే దాని ఎదురీత చాలావరకు ఆగిపోతుంది. కాబట్టి పులస మన పేట చేప కాదు. ఒకే నదికి కింద ఒక తిండి, పైన ఒక తిండి. మన భాగం నదికి దాని సొంత రుచి ఉంది. దాని గురించి మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

సంత రోజున పేట మారిపోతుంది. కొండల నుంచి దిగినవాళ్ళు చెట్టు నీడన కూర్చుంటారు. వాళ్ళ ముందు చిన్న చిన్న కుప్పలు. చింతపండు, కుంకుడుకాయ, తేనె, అడ్డాకు, కొండచీపుళ్ళు. ఇవి వ్యాపారి కొనేవి. వాటి పక్కనే మనం కొనేవి ఉంటాయి. చారెడు సామలు, సోలెడు కొర్రలు, కందులు, బొబ్బర్లు, అనుములు, అడవి దుంపలు, చింతచిగురు, కాలాన్ని బట్టి పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు. మా లెక్క ప్రకారం సంత అసలు బలం ఈ రెండో రకం కుప్పల్లో ఉంది. అమ్మేదీ మన అవ్వే, కొనేదీ మన అక్కే.

ఏడాది పొడవునా

పట్నం హోటల్‌లో మెనూ కార్డు గోడకు కట్టి ఉంటుంది, ఏడాదంతా ఒకటే. మన మెనూ కాలంతో పాటు నడుస్తుంది. మేం రాసుకున్నది కాలం వరసన చెబుతాం.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున రాలిన పువ్వును ఎండెక్కకముందే ఏరుకోవాలి. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొచ్చే రోజులివి. కానీ అది ముందు తిండి. ఎండబెట్టిన పువ్వును వేయించి, నువ్వులతో కలిపి దంచి ఉండ కడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. జొన్నలతోనో, చింతగింజలతోనో కలిపి ఉడికిస్తే పూట గడుస్తుంది. ఎండాకాలం చివర, తొలకరి మొదట్లో అదే చెట్టు గింజనిస్తుంది. ఆ గింజ ఆడిస్తే ఇప్పనూనె. కూరకూ అదే, దీపానికీ అదే. ఒక్క చెట్టు పువ్వుగా ఒకసారి, నూనెగా ఒకసారి ఇంటికొస్తుంది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మన దగ్గర అదే పువ్వు మూటల్లో వ్యాపారికి పోతోంది.

ఎండలు ముదిరితే జావ. రాత్రి కాచిన జొన్న జావ పొద్దునకు కాస్త పులుస్తుంది. సొరబుర్రలో పోసుకుని చేనుకు పోతే మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాల్చిన ఎండు చేప ఉంటే చాలు. తాటికల్లు, జీలుగుకల్లు ఈ ఎండల్లోనూ దానికి ముందు చలిలోనూ వస్తాయి. జీలుగు చెట్టు మన వైపు ఇంటి ఆస్తి లాంటిది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ పాపికొండల చుట్టూ ఉన్న కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వెలువడింది. జీలుగు చెట్టు వాళ్ళ బతుకులో ఎంత పెద్దదో అందులో రాశాడు. గింజలు అయిపోయిన నెలల్లో చెట్టు దవ్వను దంచి, పిండి తీసి, జావ కాచుకునేవాళ్ళు. కల్లు అందరికీ తెలుసు. పిండి తీయడం ఇప్పుడు ముసలివాళ్ళకే తెలుసు.

తొలకరి పడితే పుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి. ఆ వారం రోజులు ఇంట్లో మాంసం అడిగేవాడుండడు. ఆ వెంటనే వెదురు కొమ్ములు. మొలక బెత్తెడు రెండు బెత్తెలు లేచినప్పుడే కోసి, పొరలు ఒలిచి, సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుతారు. నీళ్ళు పారబోయడం రుచి కోసం మాత్రమే కాదు. పచ్చి కొమ్ములో ఒంటికి పడని గుణం ఉంటుంది; అది ఆ నీళ్ళతో పోతుంది. తొలకరి నీళ్ళకు వాగుల్లోకి చేప ఎదురెక్కుతుంది. ఊతలు, గాలాలు బయటికి తీసేది అప్పుడే.

వానలు వెనుకపట్టి పంట ఇంటికొచ్చాక గింజల కాలం. పోడు చేలో ఒకే ఏడాది జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర్లు కలిపి వేసేవాళ్ళు. ఒకటి పోయినా ఒకటి నిలిచేది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నంలో పెద్ద దుకాణాల్లో సామలు, కొర్రలు ఖరీదైన పొట్లాల్లోకి ఎక్కాయి. మన ఇళ్ళలో మాత్రం దిగిపోయాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక ఆకలి తగ్గింది. దాన్ని మేం తక్కువ చేయం. ఆకలి చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. కానీ తెల్లబియ్యం వచ్చిన తర్వాత పోడు గింజలు పక్కకు పోయాయి. ఇప్పుడు బియ్యానికి తోడుగా పాత గింజను మళ్ళీ ఇంటికి తెచ్చుకోవడం మన చేతిలో ఉన్న పని.

ఏరు కూడా వంటపాత్రే

మేం తిరిగినప్పుడు అన్నిటికంటే మమ్మల్ని ఆపేసిన విషయం ఇది. కోయ మాటలో ఏరు అంటే నీళ్ళు. మన అవ్వలకు ఆ నీళ్ళు తాగడానికి, స్నానానికి మాత్రమే కావు. వంటలో అవి ఒక పాత్ర.

అడవి దుంపల్లో కొన్ని తియ్యటివి. కాల్చుకునో ఉడకబెట్టుకునో తినవచ్చు. కొన్ని చేదు దుంపలు. వాటిని అలాగే తింటే నోరు దురద, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. వాటిని ఉడికించి, పలచగా తరిగి, గంపలో వేసి పారే నీళ్ళలో ఒక రాత్రో రెండు రాత్రులో ఉంచుతారు. ఏరు చేదును కడిగేస్తుంది. మామిడి టెంకలోని జీడిదీ అదే దారి. ఎండబెట్టి, దంచి, పిండిని మూటగట్టి పారే నీటిలో పెడితే వగరు పోతుంది. ఆ పిండితో జావ. జీడి ఎండకుండా బూజు పడితే విషమవుతుంది గనక ఎప్పుడు ఎండింది, ఎప్పుడు పారేయాలి అన్నది చేత్తో ముట్టుకుని చెప్పే అవ్వలున్నారు.

చూడండి, ఇందులో ఎంత చదువుంది. ఏ దుంప ఏ నెలలో తవ్వాలి, ఎంత తవ్వి ఎంత వదలాలి, ఎన్ని రాత్రులు నీళ్ళలో ఉండాలి, నీళ్ళ వడి ఎంత ఉండాలి. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. కుళాయి కింద బక్కెట్లో పెడితే ఆ పని కాదు. నీళ్ళు పారాలి. అందుకే ఈ తిండి ఏటికి దూరంగా బతకదు.

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, ఒక హెచ్చరిక. ఈ ప్రసంగం విని ఉత్సాహపడి మీ అంతట మీరు చేదు దుంపలు, తెలియని పుట్టగొడుగులు తెచ్చి వండకండి. పక్కన తెలిసిన పెద్దవాళ్ళు ఉండాలి. వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోవడమే మేం అడుగుతున్నది.

కొత్తల కట్టుబాటు

మన పండగలన్నీ తిండి చుట్టూ ఉన్నాయని ఎప్పుడైనా గమనించారా? విత్తనాల పండగ విత్తే ముందు. మామిడికాయ కొత్త, చిక్కుడుకాయ కొత్త, కొత్త గింజ ఇంటికొచ్చినప్పుడు మరో కొత్త. ఊరంతా కలిసి వేల్పులకు పెట్టేదాకా ఆ కాయ, ఆ గింజ ఎవరూ నోట పెట్టరు. చదువుకున్న కొందరు దీన్ని మూఢనమ్మకం అంటారు. మేం పెద్దలను అడిగాం. వాళ్ళు చెప్పింది సూటిగా ఉంది. పిందె దశలో కోస్తే గింజ పడదు. గింజ పడకపోతే మొలక లేదు. ఒకడు ముందు కోస్తే ఇంకొకడికి మిగలదు. కొత్త జరిగేదాకా ఆగడమంటే చెట్టుకు గడువు ఇవ్వడం, ఊరందరికీ ఒకే రోజున వాటా ఇవ్వడం.

ఈ కట్టుబాటు సడలిన చోట ఏం జరుగుతోందో పేటలోనే కనబడింది. బయటి గిరాకీ కోసం పిందె మామిడి, పచ్చి చింతకాయ ముందే కోసేస్తున్నారు. తేనె కోసం పట్టును మొత్తం కాల్చేస్తున్నారు. మనమే చేస్తున్నాం, ఎందుకంటే మనం ఆగితే ఇంకొకడు కోస్తాడన్న భయం. ఆ భయం పోవాలంటే ఊరు కలిసి మాట్లాడుకోవాలి. కొత్త పండగ చేసేది ఆ పనే.

బొంగులో చికెన్ ఎవరిది

ఇప్పుడు మీ అందరికీ ఇష్టమైన వంటకానికి వద్దాం. మారేడుమిల్లి రోడ్డు మీద మొదలై, ఇప్పుడు ఏజెన్సీలో ఎక్కడికి పోయినా బోర్డు కనబడుతుంది. బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె అక్కర్లేదు. బొంగులోని పచ్చి తేమే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. కుండ వెంట లేని చోట పచ్చి బొంగునే కుండ చేసుకున్న మనిషి తెలివి అది.

పర్యాటకులు వరస కడుతున్నారు. భద్రాచలం వైపు నుంచి పాపికొండలు చూడబోయేవాళ్ళు మన పక్క మండలం పోచవరం రేవులోనే పడవ ఎక్కుతారు. వాళ్ళందరికీ ఆకలేస్తుంది. మంచిదే. మా ప్రశ్నలు మూడే. ఆ కొట్టు ఎవరిది? ఆ కోడి ఎక్కడిది? ఆ బొంగు ఎవరు నరికారు?

చాలా చోట్ల మేం చూసింది ఇది. కొట్టు పేరు ఆదివాసీ పేరు, పెట్టుబడి బయటివాళ్ళది, పొగలో కూర్చుని బొంగు తిప్పే కుర్రాడు మనవాడు, వాడికి రోజు కూలి. కోడి బ్రాయిలర్. వడ్డించేది ప్లాస్టిక్ పళ్ళెంలో, పక్కనే సంతలో అడ్డాకు విస్తర్లు కొనేవాళ్ళు లేక మూటలుగా ఉండగా. ఒక్కో బొంగు ఒక్కసారికే పనికొస్తుంది గనక రోడ్డు పక్క పొదలు ముందు కరిగిపోతున్నాయి. అన్ని చోట్లా ఇలాగే ఉందని అనం. మన అక్కలే గుంపుగా ఏర్పడి నడుపుతున్న కొట్లూ చూశాం. అక్కడ నాటుకోడి, ఆకు విస్తరి, చివర్లో చిన్న దొన్నెలో తేనె. గిరాకీ ఏమీ తగ్గలేదు.

ఇంకో సంగతి. పర్యాటకుడు మన దగ్గర ఒక్క బొంగు చికెన్ తిని, ఆదివాసీ తిండి అయిపోయిందనుకుంటున్నాడు. పరిగెల పులుసు, కొమ్ముల కూర, సామ అన్నం, ఇప్ప ఉండ అతనికి తెలియవు. తెలిస్తే తింటాడు. ఒడిశా మయూర్‌భంజ్ ఆదివాసుల ఎర్ర చీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీమల పచ్చడా అని నవ్వినవాళ్ళే ఇప్పుడు దాని గురించి రాస్తున్నారు. ఆ పచ్చడి మన శబరి ఎగువన బస్తర్‌లోనూ ఉంది. నవ్వులకు సిగ్గుపడి దాచుకోకుండా పేరు నిలబెట్టుకున్నవాళ్ళకు ఆ గుర్తింపు దక్కింది. హాస్టల్‌లో మీ డబ్బా తెరిచినప్పుడు ఎవరైనా నవ్వితే ఈ మాట గుర్తు పెట్టుకోండి.

నీళ్ళు ముంచుకొస్తే

ఇక బరువైన మాట. ఈ పేట ఎన్నాళ్ళుంటుంది?

2014లో కూనవరంతో సహా మన మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కారణం పోలవరం. జలాశయం నిండు మట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నీళ్ళు నిలుపుతామంటున్నారు. మీ ఊరు ఏ గీత కింద ఉందో మీ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముంపు అంటే ఏమిటో 2022 జులై మనకు చూపించింది. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ నెల 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మన పెద్దలు చూడలేదు. గోదావరి ఎగదన్నితే శబరి వెనక్కి తన్నింది. ఒడ్డు పేట నీళ్ళలో ఉంది. కుండలు పోయాయి, విత్తనపు గింజ పోయింది, ఎండు చేపలు పోయాయి.

ఇళ్ళకు లెక్క కడతారు. పొలానికి లెక్క కడతారు. ఇల్లు కట్టిస్తారు, కరెంటు ఇస్తారు. చేదు దుంప నానబెట్టే వాగు మలుపుకు ఎవరు లెక్క కడతారు? ఊత పెట్టే మడుగుకు? తాత కాలం నుంచి కొలుచుకుంటున్న చింతకు, ఇప్పకు, జీలుగుకు? నది నుంచి చాలా దూరంలో మైదానం అంచున కట్టిన కాలనీలకు ఇప్పటికే వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళను కలిశాం. ఇల్లు పక్కా ఇల్లే. కూర కొనుక్కోవాలి. చేప కొనుక్కోవాలి. కట్టె కొనుక్కోవాలి. 'ఇక్కడ ఆకు కూడా డబ్బుకే' అని ఒక అవ్వ అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. కాని తెలుసుకోవలసినవి ఉన్నాయి.

చట్టంలో మన తిండి

చట్టం అంటే మనకు భూమి గుర్తొస్తుంది. తిండికీ చట్టం ఉంది. నాలుగు మాటలు రాసుకోండి.

ఒకటి, 1996 నాటి పెసా చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, గ్రామ సంతల నిర్వహణ, మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించడం గ్రామసభ, పంచాయతీల చేతిలో ఉండాలని చెబుతుంది. సంతలో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, తూకం ఎవరిది అన్నది మనం మాట్లాడగలిగిన విషయం.

రెండు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం. వెదురు, తేనె, దుంపలు, వేర్లు, ఔషధ మొక్కలు అన్నీ చిన్న తరహా అటవీ ఉత్పత్తులే అని అందులో రాసి ఉంది. సేకరించడానికి, వాడుకోవడానికి, అమ్ముకోవడానికి మనకు హక్కు ఉంది. చేపలు, నీటి వనరుల మీద సామూహిక హక్కు కూడా అందులో ఉంది. వ్యక్తిగత పట్టా కోసం తిరిగినంతగా మనం సామూహిక హక్కు కోసం తిరగలేదు.

మూడు, 2013 నాటి భూసేకరణ చట్టం 41వ సెక్షన్. ఆదివాసులను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, తమ భాష, సంస్కృతి నిలిచేలా ఒకే చోట స్థిరపరచాలని చెబుతుంది. ముంపు ప్రాంతంలో చేపల వేట హక్కున్న ఆదివాసులకు జలాశయంలో ఆ హక్కు ఇవ్వాలని కూడా చెబుతుంది. జలాశయం నిండాక పడవలు ఎవరివి, వలలు ఎవరివి అన్న ప్రశ్న రేపు వస్తుంది. ఈ సెక్షన్ ఇవాళే తెలిసి ఉండాలి.

నాలుగు, ఒకటి బై డెబ్బై. షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తి ఆదివాసేతరులకు బదలాయించడం చెల్లదు. రోడ్డు పక్క స్థలం కూడా స్థిరాస్తే. బొంగు చికెన్ కొట్టు ఎవరి స్థలంలో ఉందో అడిగే హక్కు అక్కడినుంచి వస్తుంది.

మనం చేయగలిగినవి

మొదటిది రాయడం. మీలో ప్రతి ఒక్కరి చేతిలో ఫోన్ ఉంది. రీల్స్ తీసే చేత్తోనే మీ అవ్వ దుంప తరిగే చేతిని తీయండి. దుంప పేరు కోయ మాటలో ఏమిటో, ఏ నెలలో తవ్వాలో, ఎన్ని రాత్రులు నీళ్ళలో ఉండాలో ఆమె గొంతులోనే రికార్డు చేయండి. పేరు పోతే ముందు మాట పోతుంది, తర్వాత మొక్క పోతుంది. మేం ఒడ్డు పేట ఒక్కదానిలో మొదలుపెట్టాం. ప్రతి గూడెం తనది తాను రాసుకోవాలి. రాసుకున్నది ఎవరికి చూపాలి, ఎవరికి చూపకూడదు అన్నది కూడా గూడెం పెద్దలే నిర్ణయించాలి. వేల్పుల దగ్గర వండేవి అన్నీ కెమెరాకు కావు.

రెండోది విత్తనం. కాలనీకి వెళ్ళేవాళ్ళు, వెళ్ళబోయేవాళ్ళు సామ, కొర్ర, చిక్కుడు, సొర గింజ మూటగట్టి తీసుకువెళ్ళండి. ఒక ఇంట్లో పోతే ఇంకో ఇంట్లో ఉండేలా పంచుకోండి. జీలుగు, ఇప్ప మొక్కలు వెళ్ళిన చోట నాటండి. ఇప్ప కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే ఈ ఏడాదే నాటాలి.

మూడోది పొయ్యి మన చేతిలో పెట్టుకోవడం. పర్యాటకుడు ఎలాగూ వస్తాడు. పొదుపు సంఘం అక్కలతో కలిసి ఇద్దరు ముగ్గురు యువకులు చిన్న కొట్టు పెట్టవచ్చు. ఆహార భద్రత చట్టం కింద చిన్న కొట్టుకు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఎవరూ వచ్చి బెదిరించలేరు. ఆ రోజు నదిలో, అడవిలో ఏది దొరికితే అది నల్లబల్ల మీద రాయండి. లేనిది లేదని చెప్పండి. అడ్డాకు విస్తరి, తాటాకు దొన్నె పెట్టండి. బొంగు నరికిన పొదలో లేత కొమ్ములు వదలండి. జీసీసీ 1956 నుంచి మన దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటోంది. ముడి సరుకుగా ఇచ్చేదాంట్లో కొంతైనా మనమే ఉండగా, పొడిగా, పచ్చడిగా చేసి అమ్మితే నాలుగు రూపాయలు ఇంట్లో మిగులుతాయి.

నాలుగోది అతి చిన్నది. వారానికి ఒక్క రోజు ఇంట్లో జావ అడగండి. చిప్స్ పొట్లం పక్కన పెట్టి ఇప్ప ఉండ అడగండి. మనం అడగకపోతే అవ్వ చేయదు. పిల్లలు తినరులే అని ఆమె ఇప్పటికే మానేసింది. చాలా ఇళ్ళలో ఈ తిండి ఆగిపోయింది అక్కడే.

మిత్రులారా, రేపు ఆ పేట అక్కడే ఉంటుందో, ఒడ్డు ఇంకెక్కడికి జరుగుతుందో మన ఒక్కరి చేతిలో లేదు. దాని కోసం సంఘాలు పోరాడుతున్నాయి, పోరాడాలి. మీరు చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ కూడా చేయగలిగిన పని ఇది. ఏటి నీళ్ళు దాటినా, ఊరు మారినా, కొత్త జరగకుండా మొదటి కాయ కొయ్యని మనుషులుగా, ఆ కాయను ఎలా వండాలో తెలిసిన మనుషులుగా ఉండండి.

సభ ముగిశాక వెనుక షెడ్డులో మన అక్కలు సామ అన్నం, కొమ్ముల కూర, పరిగెల పులుసు పెడుతున్నారు. ఆకులో ఏమీ వదలకుండా తినండి. తిన్నాక చేయి కడుక్కుని వెళ్ళిపోకుండా, వండినవాళ్ళ దగ్గర కూర్చుని ఎలా వండారో ఒక్క ప్రశ్న అడగండి.